గోడ ముందు ఎర్రమట్టి

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న మన సంఘం అధ్యక్షులు వాసుదేవరావు గారికి, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా మా అబ్బాయి మీద అభిమానంతో మొదటి వరసలో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్న కోచ్ గ్యారీ గారికి, గిరావీన్ నుంచీ పెండిల్ హిల్ నుంచీ, పొద్దున్నే బయల్దేరి కాన్‌బెరా నుంచీ వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నా నమస్కారాలు. (నవ్వులు)

కోచ్‌గారి పక్కన మా కోడలు తన్మయి కూర్చుని నేను చెప్పేదంతా ఆయన చెవిలో ఇంగ్లీషులో చెబుతోంది. తన్మయీ, అన్నీ చెప్పమ్మా. మధ్యలో ఒకచోట నీకు నోరు రాదు, నాకు తెలుసు. అది కూడా చెప్పు.

నేను డాక్టర్ వసుంధరని. ఇవాళ మీరు సన్మానం చేస్తున్న రిషికి తల్లిని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ హాల్లో సగంమంది బీపీ నాకు నోటికొచ్చు. (నవ్వులు) ఇవాళ నా బీపీ మాత్రం ఎవరూ చూడకపోతేనే మంచిది. తొమ్మిదేళ్ళు ఈ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను, ఇదే మైకు పట్టుకుని భోజనాల దగ్గర లైను తప్పినవాళ్ళని పేరుపెట్టి కేకలేశాను, ఒక్కనాడూ చెయ్యి వణకలేదు. ఇప్పుడు చూడండి. ఇది కన్నతల్లి ఆనందం అని సింధుజ ఇందాక పరిచయంలో అంది. కాదమ్మా. ఇది భయం. ఎందుకో చెప్పడానికే నేను ఇవాళ ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాను, పదిహేను అవుతుంది, క్షమించాలి.

వీడు బేస్‌బాల్‌లోకి ఎలా వచ్చాడో కొందరికి తెలియదు. మావారు యోగానంద్ గారికి క్రికెట్ అంటే ప్రాణం. ఎనిమిదేళ్ళప్పుడు వీణ్ణి తీసుకెళ్ళి క్రికెట్ క్లబ్బులో పడేశారు. అక్కడి సారు రోజూ ఒకటే గోల, బంతిని నేలమీద కొట్టరా, గాల్లోకి లేపకురా అని. వీడు వింటేనా? ప్రతి బంతీ ఆకాశంలోకే. ఔటై వచ్చి ప్యాడ్లు విప్పుకుంటూ "బట్ ఇట్ వెంట్ సో ఫార్, నాన్నా" అనేవాడు. చివరికి ఆ సారే విసుగెత్తి, మీవాడికి సరిపోయే ఆట రోడ్డు అవతల ఆడుతున్నారు, అక్కడికి తీసుకెళ్ళండి అన్నాడు. అక్కడ గాల్లోకి లేపి కంచె దాటిస్తే తిట్టరు, ఎగిరి గంతులేస్తారు. దాన్నే హోమ్ రన్ అంటారు. వాసుదేవరావు గారు ఇప్పటికీ దాన్ని సిక్సర్ అనే అంటారు, మేం దిద్దడం మానేశాం. (నవ్వులు)

ఆ తరవాత ఐదేళ్ళు అమెరికా చిన్న లీగుల్లో బస్సుల మీద తిరిగాడు, రెండేళ్ళు జపాన్‌లో ఆడాడు, మిగతా పదకొండు సీజన్లూ ఇక్కడే మన కరవాంగ్స్ టీముకి లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబడ్డాడు. డెబ్భై ఒక్క హోమ్ రన్లు. బంతి తగలక ఉత్త గాలి కొట్టి వెనక్కి వచ్చినవి ఐదువందల పైచిలుకు. ఆ రెండో అంకె ఇవాళ్టి బ్యానర్ మీద వెయ్యలేదు గానీ, వాడు ముందు అదే చెప్పుకుంటాడు. గట్టిగా కొట్టేవాడు ఎక్కువసార్లు ఖాళీ చేతుల్తో వస్తాడమ్మా, అందుకు సిగ్గుపడేవాడు ఈ పనికి పనికిరాడు అని నాకు చెప్పాడు.

ప్రతి సీజన్ ముందూ హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళేవాళ్ళం, కొత్త బ్యాటు స్వామి ముందు పెట్టి బొట్టు పెట్టించడానికి. ఒక ఏడు పూజారిగారు కాస్త ధారాళంగా కుంకుమ పూశారు. ఆ శుక్రవారం మ్యాచ్‌లో అంపైర్ బ్యాటు లాక్కుని, గోటితో గీకి, వాసన చూసి, ఇదేం పదార్థం అని నిలదీశాడు. గ్యారీ గారు పరుగెత్తుకుంటూ వెళ్ళి "ఇట్స్ ఫ్రమ్ హిజ్ మదర్" అన్నారు. (నవ్వులు) చూశారా, ఆయనకి తెలుగు రాకపోయినా ఎప్పుడు నవ్వాలో తెలిసిపోయింది.

మీరందరూ నవ్వుతున్నారు, సంతోషం. కానీ నేను ఆ పదకొండేళ్ళలో వాడు బ్యాటు పట్టుకుని నిలబడగా ఒక్కసారి కూడా కళ్ళు తెరిచి చూడలేదు. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల వేగంతో గట్టి బంతి కణత పక్కనుంచి పోతుంటే ఏ డాక్టరు చూస్తుందండీ? తగిలితే ఏ ఎముక ఎన్ని ముక్కలవుతుందో నాకు పుస్తకంతో పనిలేకుండా తెలుసు. కళ్ళు మూసుకుని చప్పుడు వినేదాన్ని. వాడు ఫీల్డింగ్‌కి వెళితే హమ్మయ్య అనుకునేదాన్ని. లెఫ్ట్ ఫీల్డ్ అంటే అంత దూరాన, పచ్చికలో, ఎండలో, ఎప్పుడో గానీ బంతి రాదు. అప్పుడు ఫ్లాస్కు తీసి టీ తాగేదాన్ని. భయపడాల్సిన చోటు ఇది, నిశ్చింతగా ఉండాల్సిన చోటు అది అని మనసులో గీత గీసుకున్నాను. అంతా తప్పు గీశాను.

ఇక మనం తెలుగు సాయంత్రం అని పేరుపెట్టుకున్న ఆ మ్యాచ్ సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట జనవరిలో, ఆరో తారీఖు శనివారం, మన సంఘం తరఫున కరవాంగ్స్ మ్యాచ్‌కి అందరం వెళ్ళాం. మీలో చాలామంది ఉన్నారు. ఆలోచన నాదే. నాలుగు బస్సులు, పట్టనివాళ్ళు కార్లలో. ఉదయలక్ష్మి వాళ్ళింట్లో మూడువందల పులిహోర పొట్లాలు కట్టాం. డప్పులు తెచ్చుకోవడానికి గ్రౌండువాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. లోకల్ పేపరతను ఫోటోలకి వస్తానన్నాడు. రిషి మనవాడు, మనం మూడువందల మందిమి వాడి పేరు రాసిన టీషర్టులు వేసుకుని వెళుతున్నాం. ఆ వారమంతా నా కాలు నేలమీద నిలవలేదు.

అంతకు ముందు గురువారం ప్రాక్టీసులో వాడి హెల్మెట్‌కి బంతి తగిలింది. ఇక్కడ, కణత మీద. చూసినవాళ్ళు ఎవరూ లేరు, బంతులు విసిరే మెషిన్ దగ్గర వాడొక్కడే ఆడుకుంటున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడి "అమ్మా, నాకు లైట్స్ రెండ్రెండు కనపడుతున్నాయి. షుడ్ ఐ టెల్ గ్యారీ?" అని అడిగాడు.

తన్మయీ, ఆగిపోకు. చెప్పు ఆయనకి.

నేను ఫోను టార్చి వేసి వాడి కళ్ళలోకి చూశాను. నా వేలు చూడు అని ఇటూ అటూ కదిపాను. ఎడమ కన్ను ఒక్క క్షణం వెనకబడింది. నేను చూశాను. చూడలేదని ఇప్పుడు చెప్పుకుంటే మీరు నమ్ముతారు, మావారు నమ్ముతారు, నేనే ఏనాటికో నమ్మేస్తాను కూడా. కానీ చూశాను. క్లినిక్కులో ఇంకెవరి పిల్లాడైనా అయితే వెంటనే కారులో కూర్చోబెట్టి హాస్పిటల్‌కి పంపించేదాన్ని, మూడు వారాలు బంతి మొహం చూడొద్దని కాగితం రాసిచ్చేదాన్ని. నా కొడుకుతో ఏమన్నానో తెలుసా? "నిద్ర సరిపోలేదు నాన్నా, ఒక్క రోజు ఓర్చుకో. నాలుగు బస్సులొస్తున్నాయి. గ్యారీకి చెబితే నిన్ను కూర్చోబెట్టేస్తాడు, అంతమందిలో మన పరువేం కాను?" అన్నాను. డాక్టరుగా చూసింది ఎవరో, అమ్మగా చూసింది ఎవరో నాకు తెలియదండీ. మాట్లాడింది మాత్రం సంఘం కార్యదర్శి.

వాడు "ఓకే అమ్మా" అన్నాడు. మేం అలా పెంచాం. పెద్దవాళ్ళు అడిగితే కాదనకూడదు, ఎదురు చెప్పకూడదు, నలుగురిలో మాట పోగొట్టకూడదు. నా పెంపకం గురించి మీరంతా నన్ను మెచ్చుకునేవారు, మీ పిల్లలకి వాణ్ణి చూపించి బుద్ధి చెప్పేవారు.

శనివారం ఏం జరిగిందో మీకు గుర్తుంది. మొదటి రెండుసార్లూ బంతి ఒకచోట, వాడి బ్యాటు ఒకచోట అని పక్కవాళ్ళు చెప్పారు. నా వెనక ఎవరో ఇవాళ వీడికేమైందని నవ్వారు. మూడోసారి తగిలింది. ఆ చప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది. బంతి కంచె దాటి, కారు పార్కు దాకా పోయింది. మీరంతా బెంచీలెక్కారు, డప్పులు మోగాయి, నన్ను ఎవరో ఎత్తి తిప్పేశారు కూడా. నేను కూడా ఎగిరానండీ. ఎగురుతూ, చూశావా, ఏమీ కాలేదు, నేనే కరెక్ట్ అనుకున్నాను.

తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఎనిమిదోదాంట్లో వాడి వైపు బంతి పైకి లేచింది. గ్రౌండు చివర గోడ ముందు పచ్చిక ఆగిపోయి ఎర్రమట్టి మొదలవుతుంది, మీరు చూసే ఉంటారు. అందానికి కాదు అది. బంతి మీద కళ్ళుపెట్టి వెనక్కి పరుగెత్తేవాడికి కాలికింద మట్టి తగలగానే గోడ వచ్చేసిందని తెలియాలి, అందుకు. రిషి పదకొండేళ్ళలో వందలసార్లు ఆ మట్టి తగలగానే ఆగాడు. ఆ రోజు ఆగలేదు. రెండు బంతులు కనపడ్డాయమ్మా, ఏది నిజమో చూస్తున్నాను, కాలి సంగతి తెలియలేదు అని హాస్పిటల్‌లో నాకు చెప్పాడు. గోడకి కొట్టుకుని పడ్డాడు. పక్క ఫీల్డరు పరుగెత్తుకొచ్చి వీడి గ్లవ్‌లోంచి బంతి తీసి పైకి చూపించాడు. క్యాచ్ అయింది. మనమంతా చప్పట్లు కొట్టాం. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. వాడు లేవడం లేదని తెలిసేసరికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మీకు తెలియక చప్పట్లు కొట్టారు, మీది తప్పు కాదు. ఆ మూడువందల మందిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్ని.

గ్యారీ గారూ, మీరు నా మొహం చూడటం లేదు. నాకు అర్థమైంది. ఈ రెండేళ్ళూ మీరు హాస్పిటల్‌కి పూలు తెచ్చారు, నేనేదో చెయ్యాల్సింది వసుంధరా అని మీరే నాకు క్షమాపణ చెప్పారు, నేను తలూపి ఆ క్షమాపణ పుచ్చుకున్నాను. ఇవాళ అది మీకు తిరిగిచ్చేస్తున్నాను.

(ఎవరో మంచినీళ్ళు అందించారు.)

థాంక్స్ అమ్మా.

సంఘం పత్రికలో భుజానికి దెబ్బ అని రాసింది కూడా నేనే. భుజం ఎముక విరిగిన మాట నిజం, అది ఆరు వారాల్లో అతుక్కుంది. తలలో రక్తం కారిన సంగతి రాయలేదు. రాస్తే ఎలా తగిలింది, ఎప్పటినుంచి అని అడుగుతారు, అడిగితే శుక్రవారం దాకా వెళుతుందని భయం. వాడు కంచె దాటించిన బంతుల గురించి మాత్రం రెండు పేజీలు రాశాను. ఇవాళ ఆడిటోరియంలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే మీరు స్టయిల్ అనుకుంటున్నారు. వెలుగు పడదు. జనం, చప్పుడు, దీపాలు ఎక్కువైతే పది నిమిషాల కిందటి మాట తెగిపోతుంది. ముందుగా పోయినవి తెలుగు మాటలు. మన పిల్లలు ఎలాగూ ఇంగ్లీషులోనే జవాబిస్తారు కదా, ఎవరూ గమనించలేదు. వాడు అలా కాదు, వాడు నాతో తెలుగులో మాట్లాడేవాడు. తొడుక్కో అన్నా, తలుపు వెయ్యి అన్నా ఒక్క క్షణం నా మొహంకేసి చూస్తున్నాడు.

ఇప్పుడు నా వెనక తెర మీద ఉన్నది చూడండి. వచ్చే ఆదివారం వీడ్కోలు మ్యాచ్. రిషి ఆఖరి సిక్సర్. ఆరు బస్సులు. వాసుదేవరావు గారూ, మీరు ఎంత ప్రేమతో తలపెట్టారో నాకు తెలుసు. మూడుసార్లు ఫోన్ చేశాను. "డాక్టర్ గారూ, మెత్తటి బంతి వేయిస్తానండీ, మీరు మరీ భయపడతారు, భుజానికి ఏమీ కాదు" అన్నారు. మీరన్నది న్యాయమే, నేను చెప్పింది భుజమని కదా! మెత్తటి బంతే అనుకోండి. వాడికి మెల్లగా కొట్టడం రాదు, కొట్టాక పరుగెత్తకుండా ఉండటం రాదు. కాలు జారి పడితే చాలు. ఇంకొక్క దెబ్బ, చిన్నదైనా సరే, తగిలితే ఆ తరవాత దేనికీ నేను హామీ ఇవ్వలేను అని స్పెషలిస్టు మా ఇద్దరి ఎదుటా చెప్పాడు. మావారు ఆ రోజు నుంచి ఇంట్లో తివాచీల అంచులన్నీ టేపుతో అంటించుకుంటూ తిరుగుతున్నారు.

నిన్న వాడితో అన్నాను, ఆదివారం ఆడొద్దు నాన్నా, అంకుల్‌కి ఫోన్ చేసి రానని చెప్పు అని.

"హౌ కెన్ ఐ, అమ్మా? సిక్స్ బసెస్ వస్తున్నాయట" అన్నాడు.

"వస్తే రానీరా."

"ఫోర్ వస్తేనే ప్లే అన్నావు కదా. నౌ సిక్స్."

దెప్పిపొడవలేదండీ. దెప్పినా బాగుండేది. నేను నేర్పిన పాఠం బుద్ధిగా నాకు అప్పజెప్పాడు. అప్పుడు నాకు పట్టుకుంది ఈ వణుకు, ఇంకా వదల్లేదు. వీడు ఆదివారం వెళతాడు. తల పగులుతున్నా వెళతాడు. మీలో ఎవరు రమ్మన్నా వెళతాడు, కాదనే మాట నేను వాడి నోట్లో పెట్టలేదు.

అందుకని అది నేను చెబుతున్నాను. ఆదివారం మ్యాచ్ లేదు. బస్సులు వెనక్కి పంపించండి. అధ్యక్షులవారు నన్ను మన్నించాలి, ఇంత సభలో మీ మాట తీసేశాను. నా మీద కోపం పెట్టుకోండి, మా ఇంటికి రావడం మానెయ్యండి, నా దగ్గర మందులు రాయించుకోకండి. శుక్రవారం నాడు వంటింట్లో పోకూడదనుకున్న పరువు ఇవాళ మీ అందరి ఎదుటా ఇక్కడే వదిలేస్తున్నాను. ఎవరూ వాడి దగ్గరకెళ్ళి ఒక్క బాల్ ఆడు బాబూ అనకండి, దణ్ణం పెడతాను.

రిషీ. నువ్వు లేవకు నాన్నా, కూర్చో, దీపాలు కళ్ళలో పడతాయి. అమ్మ చెప్పింది విన్నావు కదా. మిగతావి నీ చేత చెప్పించను, ఒక్క మాట చాలు. వీళ్ళంతా మనవాళ్ళే, ఎవరూ ఏమీ అనుకోరు. ఆదివారం మ్యాచ్‌కి రాను అని ఒక్కసారి గట్టిగా చెప్పు.

(రిషి తన్మయి వైపు తిరిగి చూశాడు)

చెప్పు నాన్నా.

(మొదటి వరసలోంచి రిషి: "విచ్ మ్యాచ్, అమ్మా?")

(వెనక నవ్వులు, కొద్దిగా చప్పట్లు)

నవ్వకండి. నా మాట విని సరదాగా అన్నాడనుకుంటున్నారు. వాడు జోక్ చెయ్యలేదండీ.

ఏ మ్యాచూ లేదు నాన్నా. ఏం లేదు. తన్మయి చెయ్యి పట్టుకో, ఇంటికి వెళదాం.

వాసుదేవరావు గారికి, గ్యారీ గారికి, ఇంతసేపు ఓపికగా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. శాలువా తరవాత ఎప్పుడైనా ఇంటికి తెచ్చి కప్పండి, ఒక్కొక్కరుగా రండి, మెల్లగా మాట్లాడండి, వచ్చినప్పుడల్లా మీ పేరు మీరే ముందు చెప్పండి. సెలవు.